పదిహేడో నంబరు వీపు

ఆరింటికి రావలసిన సినిమా కంపెనీ కారు తొమ్మిదైనా రాలేదు.

పెద్దాయన అయిదింటికే తయారయ్యాడు. ఉతికిన చొక్కా వేసుకుని, మెడ దాకా గుండీలు పెట్టుకుని, వీధి తలుపు పక్కన కుర్చీలో కూర్చున్నాడు. వేషం కోసం రెండు నెలలుగా పెంచుతున్న గడ్డాన్ని అప్పుడప్పుడు నిమురుకుంటున్నాడు. పక్కన బల్ల మీద టీ తొరక కట్టింది.

"పారబోసి ఇంకోటి పెట్టనా?" భార్య వంటగదిలోంచి అడిగింది.

"కారు వచ్చాక తాగుతాను."

"రాకపోతేనో?"

ఆయన వినపడనట్టు వీధిలోకి చూశాడు. ముప్ఫై ఏళ్లుగా సినిమాల్లో గుంపులో నిలబడుతున్న మనిషి. పెళ్లిలో గుంపు, శవం వెనక గుంపు, కోర్టు బెంచీల మీద గుంపు, పోలీసులు తరిమితే పరిగెత్తే గుంపు. ఎందులోనూ ఆయనకి మాట లేదు. ఈ సినిమాలో ఉంది. నాలుగు వాక్యాలు. అవి కెమెరా ముందు చెప్పాల్సిన రోజు ఇవాళే.

ఆ నాలుగు వాక్యాలకీ ఎసరు పెట్టింది ఊళ్లోవాళ్లెవరూ కాదు, కన్నకూతురు.

నిన్న ఈ ఇంట్లో పడ్డ కేకలు విన్నవాళ్లకి సంగతి తెలుసు. విననివాళ్ల కోసం ఒక్క ముక్కలో చెప్పాలంటే, కూతురు కాలేజీలో సినిమాల గురించి పాఠాలు చెబుతుంది. అందుకే ఇంట్లో దానికి ప్రొఫెసరమ్మ అని పేరు. తండ్రి నటిస్తున్న సినిమా మీదే నిన్నటి పేపర్లో పేజీ నిండా వ్యాసం రాసింది.

ఆ సినిమా బానిసల కథ. చెరకు తోటల్లో పనికి రెండువందల ఏళ్ల కిందట ఈ దేశానికి ఓడల్లో పట్టుకొచ్చిన నల్లవాళ్ల కథ. అంటే ఈ ఇంటివాళ్ల ముత్తాతల ముత్తాతల కథ. తీస్తున్నది మాత్రం ఆ తోటల దొరల మునిమనవలు.

"ఈ సినిమాలో కెమెరా ఎప్పుడూ దొరగారి వరండాలోనే నిలబడుతుంది" అని వ్యాసం మొదలుపెట్టింది. వరండాలోంచి చూస్తే బానిసకి ముఖం ఉండదు, వంగిన వీపే ఉంటుందంది. దెబ్బలు బానిసవి, కన్నీళ్లు దొరవి అంది. దొరల పాలన పోయి డెబ్బై ఏళ్లయినా మనల్ని మనం చూసుకునే కన్ను ఇంకా వాళ్లదేనంది. మధ్యలో కొరడా దెబ్బలతో చీలిపోయిన ఒక వీపు ఫొటో పెద్దది. దాని కింద "ముఖం లేని మనిషి" అని అచ్చేశారు.

వ్యాసంలో ఒక్క అబద్ధం లేదు. వచ్చిన చిక్కంతా అదే.

మధ్య గదిలో కొడుకు మేకప్ పెట్టె తెరుచుకుని, నిన్ననే కడిగిన కుంచెల్ని మళ్లీ కడుగుతున్నాడు. అతను ఆ సినిమాకే మేకప్ మనిషి. బానిసల వీపుల మీద రబ్బరుతో చేసిన కొరడా దెబ్బలు అంటించడం అతని పని. నిన్న మధ్యాహ్నం పెట్టె చేతికిచ్చి ఇంటికి పొమ్మన్నారు.

చెల్లెలు గుమ్మంలో నిలబడింది.

"అన్నయ్యా, నేను సినిమాని తిట్టాను. నిన్ను కాదు, నాన్నని కాదు."

"వాళ్లకి ఆ తేడా తెలియలేదు. ఫొటో ఎక్కడిదని అడిగారు. నా దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు. ఏం చెప్పమంటావు?"



దెబ్బలు అంటించే పనిలో ఒక పద్ధతి ఉంది. పొద్దున అంటించిన దెబ్బల్ని సాయంత్రం పీకెయ్యాలి, మర్నాడు మళ్లీ అదే చోట, అదే వంకరతో అంటించాలి. వేలెడు పక్కకి జరిగినా తెర మీద తెలిసిపోతుంది. అందుకని ప్రతి వీపుకీ ఫొటో తీసి, నంబరు వేసి పెట్టుకుంటాడు. ముఖాలు తియ్యడు, ఆ పనికి ముఖం అక్కర్లేదు. నలభై రెండు వీపులకి నలభై రెండు నంబర్లు. ఫోను నిండిపోయిందని పోయిన నెల వాటిని చెల్లెలి కంప్యూటర్లోకి ఎక్కించమని ఇచ్చింది కూడా తనే.

"నలభై రెండు ఉన్నాయి. పదిహేడో నంబరే ఎందుకు తీశావు?" అన్నాడు.

"దాంట్లో వెలుతురు బాగా పడింది. చూడగానే మనసు కలుక్కుమంది."

"కలుక్కుమందా." అతను కుంచె విదిలించాడు. "పోనీలే."

ఆ 'పోనీలే' ఆమెకి నచ్చలేదు.

"నువ్వు చెప్పినవే రాశాను. హీరోయిన్ బానిసపిల్లే అయినా రంగు రెండు మెట్లు తగ్గించమన్నారనీ, గుంపుకి మాత్రం రెండు మెట్లు పెంచమన్నారనీ అన్నం దగ్గర నవ్వుతూ చెప్పింది నువ్వు కాదూ? నాన్న నలుపు వాళ్లకి చాల్లేదట. నాన్న ముఖానికి నువ్వే నల్లరంగు పూశావు. నీకు సిగ్గనిపించలేదా?"

"అనిపించింది. సిగ్గుపడుతూనే పూశాను. సిగ్గుపడటం నీకు ఉద్యోగం. నాకు కాదు."

"అంటే?"

"అంటే ఏముంది, నువ్వు సిగ్గుపడితే పేపర్లో వేస్తారు. నేను సిగ్గుపడితే ఇంకొకణ్ణి పెట్టుకుంటారు. అన్నం దగ్గర నమ్మి చెప్పిన మాటలు తీసుకెళ్లి ఊరందరికీ పంచావు."

"లోపలి మాట బయటికి పోకూడదని తోట దొరలూ అనేవాళ్లు."

"ఇదిగో, ఇదే నీతో వచ్చిన చిక్కు. నేను నోరు తెరిస్తే నీకు దొర కనిపిస్తాడు. అన్న కనిపించడు."

  వంటగదిలో గిన్నెల చప్పుడు ఆగింది.

తల్లి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆవిడ ఆసుపత్రిలో ఇరవయ్యారేళ్లు ఆయాగా చేసింది. అరిచేవాళ్ల మధ్యలోంచి నడవడం అలవాటే.

"నిన్నట్నుంచీ కాగితం కాగితం అంటున్నారు. అదేదో నాకూ చూపించండి. చదవమని కాదు, చూస్తాను."

కూతురు పేపరు ఇచ్చింది. తల్లి కళ్లజోడు పెట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్లింది. అక్షరాల జోలికి పోలేదు. ఫొటో వైపే చూస్తూ నిలబడింది.  ఎడమ భుజం ఎముక కింద ఒకచోట బొటనవేలు పెట్టింది.

"ఇది మీ నాన్న కదే," అంది.

"ఏంటమ్మా?"

"ఈ గుంట చూడు. మీరిద్దరూ పుట్టకముందు ఇక్కడ సెగ్గడ్డ లేచింది. కోసి చీము తీశారు. నెల్లాళ్లు నేనే గుడ్డ మార్చాను. దెబ్బ దాని పక్కనుంచి అంటించాడు మీ అన్న, దాని మీద అంటుకోదని కాబోలు."

కూతురు పేపరు లాక్కుంది. గుంట ఉంది. చూడాలనుకుంటే ఎప్పుడో కనిపించేది.  వారం రోజులు ఆ ఫొటోని పెద్దది చేసి, చిన్నది చేసి, ఎక్కడ కత్తిరిస్తే బాగుంటుందా అని చూసింది తనే. ముఖం లేని మనిషి అని పేరు పెట్టింది తనే. ఆ మనిషి పక్క గదిలో పడుకుని దగ్గుతూనే ఉన్నాడు. 

"నీకు తెలుసా?" అని అన్నని అడిగింది.

"నంబరు వేసింది నేనేగా."

"నిన్నే చెప్పచ్చు కదా."

"నువ్వు ఎప్పుడు గుర్తుపడతావా అని చూస్తున్నాను."

ఇంతకన్నా చెంప మీద కొట్టి ఉంటే బాగుండేది.

"దాన్నెందుకురా అంటావు," అని ముందు గదిలోంచి పెద్దాయన గొంతు వినిపించింది. "నా వీపు నేనే ఎప్పుడూ చూసుకోలేదు. దానికెలా తెలుస్తుంది? ముప్ఫై ఏళ్లకి నా బొమ్మ పేపర్లో పడింది. అటు తిరిగి ఉండగా పడింది, అంతే."

నవ్వించాలని అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

కూతురు వెళ్లి ఆయన కుర్చీ పక్కన గడప మీద కూర్చుంది. వీధిలో ఎవరో చక్రం ఊడిన బండిని నెట్టుకుంటూ పోతున్నారు. వాళ్లు మలుపు తిరిగేదాకా తండ్రీ కూతుళ్లిద్దరూ అటే చూశారు.

"నాన్నా, ఫొటో సంగతి నాకు తెలియదు. కానీ ఆ సీను గురించి తెలిసే రాశాను. ఆ మాటలు నువ్వు అంటుంటే నేను వినలేను."

ఆ మాటలు ఇంట్లో అందరికీ నోటికొచ్చినవే. కొత్త దొర వచ్చి, కరుణించి, బానిసలకి విడుదల కాగితాలు పంచుతాడు. ముసలి బానిస ఆయన కాళ్ల మీద పడి నాలుగు వాక్యాల్లో దండం పెడతాడు. కాగితం కాదు దొరా ప్రాణం ఇచ్చారంటాడు. మీ తాతలు కొట్టిన దెబ్బలు ఇవాళ్టితో మానిపోయాయంటాడు.

"రెండు గంటల సినిమాలో మనవాడికి నోరిచ్చింది అక్కడొక్కచోటే," అంది కూతురు. "అదీ కొట్టినవాడికి దండం పెట్టడానికి. నీ చేత అనిపిస్తున్నారు. నువ్వు సంతోషంగా అంటున్నావు."

"అవి పాడు మాటలని నాకు తెలియదనుకున్నావా?"

ఆమె తలెత్తింది.

"మాటలు వాళ్లవి. గొంతు నాది కదమ్మా. నేనెలా అంటానో నువ్వు విన్నావా?" పెద్దాయన గొంతు తగ్గించాడు, భార్యకి వినపడకూడదన్నట్టు. "స్నానాల గదిలో కుళాయి విప్పుకుని రెండు నెలల నుంచి అంటున్నాను. మూడో వాక్యంలో దొరా అని ఉంది చూడు. అక్కడ ఆగుదామనుకున్నాను. దొరా అని, ఆగి, తలెత్తి, వాడి కళ్లలోకి చూద్దామనుకున్నాను. వాడు కళ్లు దించుకునేదాకా. ఆ తరవాత వాళ్లు రాసిందే అంటాను. ఏం తప్పు పట్టగలరు? ముసలాడు మాట మర్చిపోయాడు కాబోలనుకుంటారు."

కూతురు గడప మీదే ఆయన వైపు తిరిగి కూర్చుంది.

"ముప్ఫై ఏళ్లలో కెమెరా ముందు తలెత్తింది లేదు నేను. ఆ ఒక్క ఆగడం కోసం వెళ్తున్నాను. ఆ నాలుగు మాటల కోసం కాదు."

లొంగినట్టు కనిపిస్తూ లొంగకుండా ఉండటం గురించి ఆమె ఏటా క్లాసులో రెండు వారాలు పాఠం చెబుతుంది. దొర భాషనే దొర ముఖాన తిప్పికొట్టిన బానిసల గురించి లావుపాటి పుస్తకాలు చదివి, గీతలు గీసి, పరీక్షలో ప్రశ్నగా కూడా ఇచ్చింది. అది తన ఇంట్లోనే కుళాయి చప్పుడు చాటున జరుగుతోందని మాత్రం ఎప్పుడూ తోచలేదు. తోచి ఉంటే ఆ వ్యాసం వేరేగా ఉండేది. అసలు ఉండేదే కాదేమో.

"నాకు చెప్పచ్చు కదా నాన్నా."

"చెప్తే రాసేదానివి."

అప్పుడు వచ్చింది కారు.

దిగినవాడు డ్రైవరు కాదు, కంపెనీ మేనేజరే. రోజూ ఈ ముసలాణ్ణి "ఏయ్ గడ్డం" అని పిలిచే మనిషి, ఇవాళ గుమ్మంలోనే చెప్పులు విప్పి చేతులు జోడించాడు.

"ఆలస్యమైంది సార్. ఏమీ అనుకోకండి."

సార్ అన్నది తననేనని పెద్దాయనకి ఒక నిమిషం తెలియలేదు. తెలిశాక కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. లోపల్నుంచి కొడుకు కుంచె చేత్తోనే బయటికొచ్చాడు.

"డైరెక్టరుగారు మేడం రాసింది మూడుసార్లు చదివారు," అన్నాడు మేనేజరు. "ముందు కోపం వచ్చిన మాట నిజం. తరవాత ఆలోచించారు. వరండా మాట ఆయనకి బాగా తగిలింది. ప్రతి అక్షరం నిజమే అన్నారు. మేడంని సలహాదారుగా పెట్టుకుంటారట, తెర మీద పేరు వేస్తారు. ఇవాళే తీసుకురమ్మన్నారు. నువ్వూ రావయ్యా, ఫొటో సంగతి మర్చిపోమన్నారు."

తల్లి గుమ్మం పట్టుకుని నిలబడింది. కొడుకు ముఖంలోకి రంగు వచ్చింది. ఒక్క క్షణం ఆ ఇంట్లో అందరికీ ఊపిరి ఆడింది.

"ఆ కాళ్ల మీద పడే సీను కూడా తీసేశారు," అన్నాడు మేనేజరు.

"తీసేసి?" అన్నాడు పెద్దాయన.

"అద్భుతంగా మార్చారు సార్. ముసలి బానిస అసలు మాట్లాడడు. దొర కాగితం ఇవ్వబోతే తీసుకోడు. వెనక్కి తిరిగి చెరకు తోటలోకి నడుచుకుంటూ వెళ్లిపోతాడు. అచ్చం మేడం వేసిన ఫొటోలో లాగే. వీపు, మౌనం, అంతే. హాల్లో జనం ఏడ్చేస్తారు."

"మాట లేదా?"

"మాటకన్నా గొప్పది సార్ ఇది."

పెద్దాయన తలూపాడు. ముప్ఫై ఏళ్లు ఏది చెప్పినా తలూపిన మెడ, దానంతటదే ఊగింది.

కూతురు లేచి మేనేజరుకి అడ్డంగా నిలబడింది. "మాట తీసెయ్యమని నేను రాయలేదు. మాట మార్చమన్నాను. మాట్లాడనివ్వండి ఆయన్ని."

"సరే మేడం, ఏమనమంటారు?" మేనేజరు నిజంగానే అడిగాడు, జేబులోంచి ఫోను కూడా తీశాడు. "పన్నెండింటికి షాటు. డైరెక్టరుగారు మీ మాట కాదనరు. మీరు ఒక్క వాక్యం చెప్పండి, ఇప్పుడే చెప్పేస్తాను."

ఆమె నోరు తెరిచింది. పేజీ నిండా రాసిన వ్యాసంలో బానిస ఏం అనకూడదో ఉంది. ఏమంటాడో లేదు. మేనేజరు వేలు ఫోను మీద ఆగి ఉంది. అన్న చూస్తున్నాడు. తల్లి చూస్తోంది.

తండ్రి వైపు తిరిగింది.

"నాన్నా, నువ్వయితే ఏమంటావు?"

పెద్దాయన కూతురి వైపు తిరిగాడు.

"ఇప్పుడడుగుతున్నావా అమ్మా," అన్నాడు.

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే ఆమె తట్టుకునేది.

మేనేజరు చేతి గడియారం చూసుకుని, కొడుకు వైపు తిరిగాడు. "బయల్దేరదాం. నీకూ పని తగ్గింది. ఇవాళ మీ నాన్నకి ముఖం మేకప్ అక్కర్లేదు, వీపు ఒక్కటీ చూసుకుంటే చాలు."

పెద్దాయన అప్పటికి చెప్పుల్లో ఒక కాలు పెట్టాడు. ఆ కాలు వెనక్కి తీశాడు.

"వీపుకైతే నేనెందుకు బాబూ," అన్నాడు నెమ్మదిగా. "నేను రాను."

లోపలి గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. విసురుగా కాదు, రోజూ వేసుకున్నట్టే.

గుంపులో మనిషి రానంటాడని మేనేజరు ఎన్నడూ అనుకుని ఉండడు. ముందు నవ్వాడు, తరవాత తల్లిని చూశాడు.

"మీరు చెప్పండమ్మా."

"రానన్నారు. వినపడింది కదా."

"ఇదేం పద్ధతమ్మా? రెండు నెలలు తీసిన వీపు. ఇంకొకణ్ణి పెడితే తెలిసిపోతుంది. ఇది ఆగితే మళ్లీ నిన్నటి ఫొటో దగ్గరికే వస్తారు అందరూ. పోలీసుల దాకా పోనివ్వకుండా ఆపింది నేను." అంటూ అంటూ కొడుకు దగ్గర ఆగాడు. మనిషిని ఒకసారి అటునుంచీ ఇటునుంచీ చూశాడు. "నీ భుజాలు అచ్చం మీ నాన్నవే కదయ్యా."

కొడుకు మూసిన తలుపు వైపు చూశాడు. అక్కణ్ణించి వద్దనే మాట వస్తుందేమోనని కాసేపు ఆగాడు. రాలేదు. వెళ్లి మేకప్ పెట్టె మూత వేసి, చేతిలోకి తీసుకున్నాడు. చెల్లెలి ముందుకొచ్చి నిలబడ్డాడు.

"నా వీపు మీద నేను దెబ్బలు అంటించుకోలేను. చెయ్యి అందదు. అక్కడున్నవాళ్లకి రంగు పుయ్యడం తప్ప రాదు. ఎలాగూ నిన్ను రమ్మన్నారు. నువ్వు వచ్చి అంటించు."

"నాకు రాదన్నయ్యా."

"నీ దగ్గర ఫొటో ఉంది కదా. చూసి అంటించు."

వెటకారం కాదు. అతనికి నిజంగానే మనిషి కావాలి. ఇంకేమీ అనకుండా వెళ్లి కారు వెనక సీట్లో కూర్చుని, పెట్టె ఒళ్లో పెట్టుకున్నాడు. మేనేజరు రెండో తలుపు తెరిచి మర్యాదగా పట్టుకుని నిలబడ్డాడు.

తల్లి కూతురి దగ్గరికొచ్చింది.

"వెళ్తే వెళ్లు. లేదా వాణ్ణి దింపు," అంది. "రెండూ చెయ్యకుండా ఇక్కడ నిలబడి చూడకు."

ఆమె గుమ్మంలోనే నిలబడి ఉంది. డ్రైవరు ఇంజను స్టార్టు చేశాడు.